2.3 బదులు 2.8

2011. తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులు. జనగామలో ఒక డిగ్రీ కాలేజీ ఫిజిక్స్ ల్యాబ్‌లో నేను కాంట్రాక్ట్ టెక్నీషియన్‌ని. బందులతో వాయిదాలు పడీ పడీ చివరికి ప్రాక్టికల్ పరీక్షలు వచ్చాయి. రిపేరుకు హైదరాబాద్ పంపిన ముల్లు మీటర్లు మాత్రం తిరిగి రాలేదు. ఒకటి తక్కువ పడితే బీరువాలోంచి పాత డిజిటల్ వోల్ట్‌మీటర్ బయటికి తీశాను.

దాని ఎడ్జ్-లిట్ డిస్‌ప్లే అంటే నాకు మహా ముచ్చట. ఒక్కో అంకె గడిలో పది పల్చటి, అద్దంలాంటి అక్రిలిక్ పలకలు ఒకదాని వెనుక ఒకటి నిలబడి ఉంటాయి. సున్నా నుంచి తొమ్మిది దాకా ఒక్కో పలక మీద ఒక్కో అంకె చుక్కలు చుక్కలుగా చెక్కి ఉంటుంది. ఏ పలక అంచున బల్బు వెలిగితే ఆ అంకె గాలిలో తేలినట్టు మెరుస్తుంది. దుమ్ము పట్టి మసకబారాయని పలకలన్నీ ఊడదీసి, తుడిచి, మళ్ళీ బిగించాను.

పరీక్షలో ఆ మీటరు రజిత వంతుకు వచ్చింది. బస్సులు నడవని రోజుల్లోనూ రఘునాథపల్లి నుంచి ఆటోలు మారి వచ్చి క్లాసు వినే అమ్మాయి. కరెంట్‌ను సమానంగా పెంచుతూ పోతే వోల్టేజీ కూడా సమానంగా పెరుగుతుందని చూపడం ఆమెకు వచ్చిన ప్రయోగం. వేరే ఊరి నుంచి వచ్చిన ఎగ్జామినర్ ఆమె పేపర్ చూసి ఆగిపోయారు. 2.1, 2.2, 2.8, 2.4.

"ప్రయోగం చేయకుండా నోటికొచ్చిన అంకెలు వేశావా?"

"లేదు సార్. అండ్ల ఎనిమిదే కనవడ్డది. మూడుసార్లు చూసిన. గదే రాసిన."

ఆయన సున్నా వేసేశారు. రజిత ఏడవలేదు. నా వైపు తిరిగి, "యాకూబన్నా, నువ్వన్న చెప్పే!" అంది.

అప్పుడు తట్టింది నాకు. ఆ పలకలు ఊడదీసి బిగించింది నేనే. చెప్తే నా ఉద్యోగం పోవచ్చు. చెప్పకపోతే ఆ పిల్లకు ఏడాది పోతుంది.

"సార్, కల్పించి రాసేటోళ్ళు 2.3 అనే రాస్తరు గదా! 2.8 రాసి చేజేతులా ఎవరు దొరుకుతరు? జర ఒక్కసారి మీటర్ చూడుండ్రి."

ఆయన చూస్తుండగా నాబ్ మెల్లగా తిప్పాను. చివరి గడిలో ఒకటి, రెండు వెలిగాయి. తర్వాత ఎనిమిది! నాలుగు, అయిదు, ఆరు, ఏడు సరిగ్గానే వచ్చి, ఎనిమిది రావాల్సిన చోట మూడు వెలిగింది.

"తప్పు నాది సార్. తుడిచినప్పుడు మూడు పలక, ఎనిమిది పలక తారుమారు పెట్టిన."

ఆయన తానే రెండుసార్లు తిప్పి చూశారు. తర్వాత సున్నా కొట్టేసి పూర్తి మార్కులు వేశారు. "క్షమించమ్మా. కనపడింది కనపడినట్టు రాసే ధైర్యం చాలామందికి ఉండదు" అన్నారు. వెనుక బల్లల నుంచి ఒక్కసారిగా "జై తెలంగాణ!" అని కేక లేచింది. చప్పట్లతో ల్యాబ్ అదిరింది. ఎగ్జామినర్ కూడా నవ్వేశారు. రజిత అప్పుడు ఏడ్చింది, నవ్వుతూనే.

నా ఉద్యోగం పోలేదు. నేను మాత్రం మారాను. పిల్లలు రాసిన రీడింగ్ వింతగా కనిపిస్తే, వాళ్ళను నిలదీసే ముందు మీటరు మూత విప్పి చూస్తాను.