మస్తానమ్మ గుంట నంబరు

ఉదయం 6.20కి మద్రాసు తొండియార్‌పేటలో గుమ్మిడిపూండి లోకల్ రైలు ఎక్కాను. టికెట్టు పది రూపాయలు. కిటికీ పక్కన చోటున్నా కూర్చోలేక ఎన్నూరు దాటేదాకా తలుపు దగ్గరే నిలబడ్డాను.

ఎగుమతి కంపెనీకి రొయ్యలు కొనే ఉద్యోగం నాది. రెండేళ్ళ కిందట యాంటీబయాటిక్ మందు ఉందని ఒక దేశం మా సరుకు తిప్పిపంపింది. అందులో దోషమేమీ లేదనీ, అక్కడి నిబంధనలు మనల్ని ఆపడానికేననీ జార్జి టౌన్ వ్యాపారుల సభలో చెప్పాను. ఆ దేశంతో కొత్త వ్యాపార ఒప్పందంలో ఆ నిబంధనలు సడలించమనేవాళ్ళు ఇప్పుడు నా మాటే ఉదాహరణగా చూపిస్తున్నారు. నేను చెప్పింది అబద్ధం. రొయ్యలు పట్టే ముందు ప్రతి సాగు గుంట నుంచీ నమూనా పరీక్షకు పంపాలి. ఆరంబాక్కంలో రొయ్యలు పెంచే మస్తానమ్మ ఆ మందులు వాడదు, ఆమె గుంట రోడ్డు పక్కనే. అన్ని గుంటల పేరుతోనూ ఆమె రొయ్యలే పంపేవాణ్ణి. సరుకులో మందు బయటపడి, ఎవరి గుంటదని తనిఖీవాళ్ళు అడిగితే, వెనక ఎవరూ లేని మనిషని ఆమె గుంట నంబరే రాసిచ్చాను. అప్పటినుంచీ ఆమె రొయ్యలు ఏ కంపెనీ కొనదు.

7.35కి గుమ్మిడిపూండి. స్టేషన్ బయట రెండు ఇడ్లీలు, ఒకటి వదిలేశాను. ఆరంబాక్కం బస్సు అరగంట. గట్టు మీద బంకమట్టి; వెళ్ళేవాళ్ళు చెప్పులు చేత పట్టుకోవడం మంచిది.

మస్తానమ్మ ఎండిన గుంటలో గడ్డి పీకుతోంది. నేను చేసిందంతా చెప్పాను. ఎప్పుడూ సార్ అని పిలిచే మనిషి.

"ఈడ నాకు చెప్తే ఏమొస్తాది నీకు? తనిఖీ ఆఫీసు ఏడుండాది?"

"మద్రాసులో అక్కా. రేపు పోయి..."

"రేపూ లేదు గీపూ లేదు. చీర మార్చుకోనొస్తా. నీ చెప్పులిట్టా ఇయ్యి, పారిపోతావేమో."

చెప్పులు తీసుకుని గట్టు పక్కనున్న ఇంట్లోకి వెళ్ళింది.

ఇద్దరం ఎక్కిన 11.10 మద్రాసు లోకల్లో ఎదురుగా కూర్చున్న, ఐస్ ఫ్యాక్టరీలో పనిచేసే ఆయన మాట కలిపాడు. "ఆ మందుండకూడదు, ఈ మందుండకూడదంటే ఎట్టా బతికేదమ్మా? ఒప్పందంలో అవన్నీ ఎత్తేస్తే పీడ పోతాది."

"ఎత్తేస్తే మందెయ్యనోళ్ళకి మిగిలేదేంది?" అంది మస్తానమ్మ. "వాళ్ళ గుంటల నీళ్ళు కాలవలోకి వదిలితే ఆడ పీత గూడా బతకలా. నా రొయ్యా, వాళ్ళ రొయ్యా ఒకే తట్టలో పోస్తారు. నాకుండే ఒక్క సాక్షి ఆ పరీక్షే."

ఆయన నా వైపు తిరిగాడు. "మీరు చెప్పండి సార్, చదువుకున్నోళ్ళు."

బండి మీంజూరులో ఆగింది. దిగిపోదామని లేచి, మళ్ళీ కూర్చున్నాను.

"పరీక్ష సరిగానే పట్టుకుంది. నమూనాలు మార్చింది నేను. ఆ మందు ఈమె గుంటది కాదు."

ఆయన నన్నూ ఆమెనూ మార్చి మార్చి చూశాడు. మస్తానమ్మ మాత్రం పెదవి విరిచింది.

"గొంతే లేవలా. ఆఫీసులో ఇట్టా చెప్తే ఎవరికి ఇనబడతాది? ఇంకోసారి చెప్పు."

మద్రాసులో బేసిన్ బ్రిడ్జి స్టేషన్ వచ్చేలోగా నాలుగుసార్లు చెప్పించింది. నాలుగోసారికి పెట్టెలో సగం మంది మాటలాపి విన్నారు.