లకుముకి వాలిన పుల్ల

నా ఫొటో సెలెక్టయింది! హైదరాబాద్‌లో పెట్టే పక్షుల ఫొటోల ప్రదర్శనకు నేను తీసిన లకుముకి పిట్టను తీసుకున్నామని పొద్దున ఫోనొచ్చింది. మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటిదాన్ని నేనే, గోడకెక్కే ఫొటో తీసిన మొదటిదాన్నీ నేనే. అయినా ఫోన్ చేసినాయన నా పేరు అడగ్గానే, నంబరు ఎవలిచ్చిన్రని దబాయించి ఫోన్ పెట్టేశాను. మెయిల్ వచ్చాకే నమ్మాను. ఈ అనుమానం నాకు అవ్వ పోలిక, అంటే బాపు వాళ్లమ్మ పోలిక.

ఆ సంబరంలో కెమెరా స్టాండు తుడుస్తుంటే, దాని కాళ్లకంటిన నల్లమట్టి తడివాసన గుప్పుమంది. మా వాగు వాసన.

సెంటినరీ కాలనీలోని గని క్వార్టర్‌కు రాకముందు మేం ఓపెన్‌కాస్టు బొగ్గుగని పక్క పల్లెలో ఉండేవాళ్లం. బతుకమ్మ రోజుల్లో పిల్లలమంతా గునుగు పువ్వు కోసుకుంటూ, ఒడిలో దాచుకున్న రొట్టె, బెల్లం కలిపిన మలీద ముద్దలు కొరుక్కుంటూ, వాగు ఒడ్డున అవ్వ మెట్ట చెలుక గట్ల మీద తిరిగేవాళ్లం. మధ్యాహ్నం గనిలో సైరన్ మోగి బ్లాస్టింగ్‌కు భూమి అదిరితే ఇళ్లల్లో గిన్నెలు గలగలమనేవి, కొంగలన్నీ ఒక్కసారి లేచి, దుమ్ము తగ్గాక ఏమీ ఎరగనట్టు మళ్లీ వచ్చి వాలేవి. గనికి ఇంకా భూమి కావాలట అనే మాట అప్పటికే ఊరంతా తిరుగుతోంది. మూడుకాళ్ల స్టాండు కనబడితే సర్వే, పాతిన కొయ్య కనబడితే హద్దు. దాన్ని పీకి పొయ్యిలో పెట్టడం మా ఊరి రివాజు.

ఆ ఏడు జ్యోతినగర్ నుంచి ఒక ఇంజనీరు సారు స్టాండుతో వచ్చి, సరిగ్గా అవ్వ చెలుక ముందర వాగులో ఒక పుల్ల పాతాడు. అవ్వ పీకేసింది. ఆయన మళ్లీ పాతాడు, ఆమె మళ్లీ పీకింది; ఆ పుల్లల మీదే మాకు మక్కకంకులు కాల్చిపెట్టింది. చివరికి ఆయనే మా వాకిట్లోకి వచ్చి, లకుముకి వాలితే ఫొటో తీసుకుందామని పెడుతున్నానమ్మా అన్నాడు.

"పిట్టలకు చెట్లు లెవ్వా, బిడ్డా?" అంది అవ్వ.

ఆయన కెమెరాలో బొమ్మ చూపించాడు. నీలి రెక్కలు, ఎర్ర ముక్కు, ముక్కులో మెరిసే చేప. మేం నోళ్లు తెరిచాం. అవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుని మరీ చూసింది.

"పిట్ట మంచిగనే ఉన్నది. దాని ఎనుక నా చెలుక ఎందుకు వడ్డది?"

ఆయన వెళ్లి ఇంకో పుల్ల పాతాడు. మేం బతిమాలితే అవ్వ ఆ ఒక్క పుల్లను మాత్రం పీకకుండా వదిలింది. తర్వాత చెలుక గనికి పోయింది. దానికి ఎవరూ కొయ్య పాతలేదు, పంచాయతీ గోడకు కాగితం అంటించారంతే. అవ్వ మాత్రం ఆ పుల్లను వదిలినందుకే భూమి పోయిందని ఈనాటికీ తనను తానే తిట్టుకుంటుంది.

ఇప్పుడక్కడ వాగు లేదు, గునుగు లేదు, పల్లె లేదు. పాత గని గుంతలో నీళ్లున్నాయి, లకుముకి ఉంది. మొన్న ఈ ఫొటో కోసం నేను ఒడ్డున స్టాండు నిలబెడుతుంటే మేకలు కాసే కాక దూరం నుంచే అడిగాడు: "మళ్ల ఎవల భూమి, బిడ్డా?"

ఇంకా ఫోన్ చెయ్యాల్సినవాళ్లు: మొదటి షిఫ్టు దిగగానే బాపు. కెమెరా అరువిచ్చిన రజితక్క. నంబరు దొరికితే జ్యోతినగర్ సారు. పెద్దపల్లిలో మేనత్త. ఆమె దగ్గరే ఉన్న అవ్వ. అవ్వకు ప్రదర్శన సంగతి తర్వాత, ముందు ఆ గుంత నీళ్లలో లకుముకి కోసం పుల్ల పాతింది నేనేనని చెప్పాలి.