పసుపు కొమ్ముతో కళ్లద్దాల బేరం

సవితకు ఎవరి మాటైనా విరిచి చూడనిదే నమ్మబుద్ధి కాదు. ఆ గుణం పనితోనే అబ్బింది. నిజామాబాద్ గంజ్ మార్కెట్ వెనక ఆత్మారాం సేటు గోదాంలో ఆమె ఏళ్ల తరబడి పసుపు ఏరుతోంది. పైకి నిగనిగలాడే కొమ్మును పుటుక్కున విరిచి, లోపలి రంగు చూసి, మేలురకమో నాసిరకమో తేల్చి చెబుతుంది.

ఈమధ్య దగ్గరి చూపు మసకబారింది. పాలిపోయిన కొమ్ములు మంచి బస్తాల్లో కలిసిపోయాయి. సేటు కోప్పడలేదు. ఏరే పని బస్తాలు కుట్టే హన్మవ్వకిచ్చి, నువ్వు బస్తాలు కుడతావా అని మెల్లగా అడిగాడు. తిట్టినా బాగుండేదనిపించింది సవితకు.

సర్కారు దవాఖానలో దగ్గరి చూపుకు అద్దాలు రాసిచ్చారు. ఆ చీటీ పట్టుకుని బస్టాండ్ దగ్గరి నరేందర్ దుకాణానికి వెళ్లింది. దుమ్ముకు ముక్కూ నోరూ కప్పి బట్ట కట్టుకుంటానని, ఊపిరికి అద్దాలు మసకేస్తాయేమోనని అడిగింది. అతని ముఖం వెలిగింది. అది చూడగానే ఆమెకు అనుమానం మొదలైంది.

"అక్కా, నీకు కాంటాక్ట్ లెన్సులే కరెక్ట్. పెట్టుకున్నా పెట్టుకున్నట్టే ఉండది," అంటూ ధర చెప్పాడు.

"ఉన్నట్టే లేనిదానికి గంత ధర ఎందుకయ్యా?"

రోజుకొకటి వాడి పారేసేవి, నెలంతా కడుక్కుంటూ వాడేవి, రెండు రకాలున్నాయని చెప్పాడు. నెలవే లాభమట. ఎవరికి లాభమో చెప్పలేదు. పసుపు దుమ్ము కంట్లో పడితే ఏమవుతుందని ఆమె అడిగితే, చేతులు కడుక్కుంటే చాలన్నాడు. సవిత సబ్బుతో రెండుసార్లు కడుక్కుని, వాడి పడేయబోతున్న పాత లెన్సునొకదాన్ని అడిగి తీసుకుంది. నీళ్లచుక్క వేసి వేళ్ల మధ్య కాసేపు నలిపింది. గాజులా ఉన్నది కాస్తా లేత పసుపుకు తిరిగింది.

"గిది నా కంట్ల పెడతవా?"

నరేందర్ నవ్వాడు. అవును, నీ పనికి వద్దులే అని ఒప్పుకుని కళ్లద్దాలు తీశాడు. ఈసారి సెల్‌ఫోన్ వెలుగు నుంచి కాపాడే పూత ఉన్నవట, మామూలు వాటి ధరకే ఇస్తాడట. అంత తొందరగా ఒప్పుకున్నవాడు ధర కూడా తగ్గించేసరికి సవితకు గుబులు పెరిగింది. కొంగు ముడి విప్పి, పొద్దున హన్మవ్వ నాసిరకమని పక్కన పడేసిన కొమ్మును తీసి విరిచింది. ఆ అద్దాల్లోంచి చూస్తే లోపలంతా చిక్కటి పసుపు. దుకాణం బయటికి వచ్చి ఎండలో పట్టుకుంది. అద్దాలు తీస్తే తెలుపు, పెడితే పసుపు.

ఇవి పెట్టుకుని కూర్చుంటే గోదాంలో నాసిరకమనేదే కనిపించదు.

"గిది కండ్లకు మంచిదే అక్కా, కంప్యూటర్ మీద పనిజేసేటోళ్లు అందరు పెట్టుకుంటున్నరు," అన్నాడు నరేందర్.

"ఆళ్లు పసుపు ఏరుతరా?"

పూతలేవీ లేని సాదా అద్దాలు అడిగింది. అతను తీసిచ్చిన ప్రతిదాన్నీ ఎండలో కొమ్ము మీద పెట్టి చూసింది. నాలుగో జతకు విరిగిన కొమ్ము అచ్చం ఉన్న రంగులోనే, నారతో సహా కనిపించింది. దాన్నే ఎంచుకుంది.

మర్నాడు గోదాంలో బట్టను ముక్కు మీదికి బిగించి కట్టి, అద్దాలను ఆ బట్ట అంచు మీద కూర్చోబెట్టింది. ఊపిరి కిందికి పోయింది, అద్దాలు తేటగానే ఉన్నాయి. సేటు ముప్కాల్ ఊరి రైతు తెచ్చిన బస్తాల్లోంచి నాలుగు కొమ్ములు తెచ్చి ఆమె ముందు పోశాడు. ఏదేమిటో అతను చెప్పలేదు, ఆమె అడగలేదు. విరిచి మూడింటిని మేలురకం వైపు జరిపింది, ఒకదాన్ని నాసిరకం వైపు.

సేటు ఆ ఒక్కదాన్ని తీసుకుని గుమ్మం వెలుగులోకి పోయి చూశాడు. తిరిగొచ్చి, సూదీ దారం హన్మవ్వకు ఇవ్వమని చెప్పాడు.