జెముడు పొదల చోట పార్కు

గోదావరిఖనిలో మా పాత క్వార్టర్ల వెనక ఇప్పుడు పార్కు ఉంది. దానికి ప్రభుత్వ గ్రాంటు కావాలని దరఖాస్తు నింపింది నేనే. ‘స్థలంలో సమాధులు ఉన్నాయా’ అన్న గడిలో ‘లేవు’ అని రాసిందీ నేనే. మా అక్క అక్కడే ఉందని అప్పటికి నాకు తెలియదు. పుట్టిన పదకొండో రోజున పోయిన పిల్ల. బతికి ఉంటే నాకంటే రెండేళ్లు పెద్దది.

తెలియకపోవడానికి కారణం లేకపోలేదు. మా దగ్గర పళ్లు రాని పిల్లలు పోతే కాల్చరు, పాతిపెడతారు. రాయి పెట్టరు, పేరు రాయరు. కుక్కలు తవ్వకుండా పైన ఒక నాగజెముడు మట్ట నాటి, వెనక్కి చూడకుండా వచ్చేస్తారు. తల్లిని అసలే పోనివ్వరు. ఇంట్లో ఆ మాట ఎత్తరు, ఎత్తితే తర్వాత పుట్టిన పిల్లకు మంచిది కాదట. ఆ తర్వాత పుట్టిన పిల్లను నేను. నాకు ముందు ఒక అక్క పుట్టిందని తెలుసుగానీ, ఎక్కడ పెట్టారని ఏనాడూ అడగలేదు.

సర్వే రోజు నేనూ సర్వేయరూ టేపు పట్టుకుని, మూతపడ్డ బొగ్గుబావి గోడ నుంచి రోడ్డు దాకా తిరిగాం. సమాధి అంటే నా లెక్కలో సిమెంటు దిమ్మె, సిలువ, కనీసం ఒక రాయి. అవేవీ కనబడలేదు. జెముడు పొదలు మాత్రం ఎక్కడ చూసినా ఉన్నాయి. వాటి కింద ఏముంటుందో నాకు తట్టలేదు.

“ఈటిని పీకాలంటే మిషినే రావాలె మేడం” అన్నాడు సర్వేయరు.

‘తొలగించవలసిన ముళ్లపొదలు’ అని రాసి సంతకం పెట్టాను. ఇంటికి వచ్చి పప్పు పోపు పెట్టుకున్నాను.

నిజం చెప్పాలంటే ఆ ఫైలంటే నాకు మోజు. మున్సిపల్ ఆఫీసులో ఇరవై ఏళ్లుగా జనన మరణ రిజిస్టర్లతో కుస్తీ పట్టినదాన్ని, మొదటిసారి పనికొచ్చే పని చేస్తున్నాననుకున్నాను. ‘బొగ్గుదుమ్ము పీల్చి రిటైరైన మనుషులకు నాలుగు చెట్లు కావాలి’ అని రాస్తే, మా ఆఫీసరు అది కొట్టేసి ‘పచ్చదనం పెంపు’ అని రాశాడు. ఆయన భాష ఆయనది. నా మనసులో ఉన్నది మాత్రం అమ్మే. షుగరుందని డాక్టరు నడవమంటే, బొగ్గులారీల పక్కన రోడ్డంచు పట్టుకుని నడిచేది. ఆమె కోసమైనా పార్కు రావాలనుకున్నాను.

గ్రాంటు మంజూరైంది. ఆఫీసులో మిఠాయి పంచారు. పార్కు నక్ష, అదే ప్లాను, గోడకు అంటించాం. ఆ వారంలోనే, నాన్నతో కలిసి బావిలో పనిచేసిన కాక ఒకాయన ఏదో సర్టిఫికెట్టు కోసం వచ్చాడు. నక్ష ముందు చాలాసేపు నిలబడ్డాడు.

“గీ జెముళ్లన్ని తీస్తరా బిడ్డా?”

“తీస్తం కాకా. నడిచే బాట వస్తది.”

“మా పెద్దోడు ఆడ్నే ఉన్నడు. మీ అక్క గూడ ఆడ్నే. మీ నాయిన, నేను కల్సి తీస్కపోయినం. ఆ పొద్దు డ్యూటీకి పోలే.”

అంతే అన్నాడు. తన కాగితం తీసుకుని వెళ్లిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆఫీసరు దగ్గరికి వెళ్లి చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “ఇప్పుడు ఉన్నయని రాస్తే మళ్ల సర్వే, మళ్ల ఫైలు. గ్రాంటు వాపసు పోతది, ఇంకో ఊరికిస్తరు. అయినా చూసొచ్చింది నువ్వే గదమ్మా? సంతకం నీదే గద?”

అందులో అబద్ధం ఒక్కటీ లేదు. తప్పు రాశానని పేజీ ఉత్తరం పెట్టొచ్చు. తెల్లకాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. టీ వచ్చింది, తాగాను. ఏడుపు రాలేదు, భయం కూడా సరిగ్గా వేయలేదు. కాలు తిమ్మిరెక్కితే గిల్లినా తెలియదే, అట్లా ఉంది. రాయలేకపోయానంటే నన్ను నేను వెనకేసుకొచ్చినట్టు. రాయలేదు, అంతే.

అమ్మకూ చెప్పలేదు. క్వార్టర్లలో ఆమెకు నోట్లో నాలుక లేని మనిషని పేరు. చెబితే ఏమంటుందని కాదు, ఏమీ అనదనే నాకు గుబులు. మిషిను వచ్చే రోజున నేను అడిగి మరీ వేరే వార్డులో డ్యూటీ వేయించుకున్నాను.

పార్కు బాగా వచ్చింది. దాన్ని చెడ్డదనలేను. పొద్దున్నే దగ్గుకుంటూ వచ్చే పెద్దమనుషులు వేపచెట్ల కింద కూర్చుని పేపరు చదువుతారు. ‘మేడం తెచ్చిన పార్కు’ అంటారు. నేను తలూపుతాను. అమ్మ మాత్రం లారీల రోడ్డు వదల్లేదు.

ఒక ఆదివారం ఆమె చీర కుచ్చిళ్ల నిండా దుమ్ముతో ఇంటికి వచ్చింది. నాకు ఒళ్లు మండింది.

“ఊరంత ఆడ నడుస్తుంటే నీకేమైందమ్మా? లారీ కింద పడి సస్తవా?”

ఆమె చెంబుతో కాళ్లు కడుక్కుంటోంది. ఇక ఆగలేక, వాకిట్లో నిలబడే అంతా చెప్పేశాను. గడి, సంతకం, కాక చెప్పింది, నేను రాయని ఉత్తరం.

“నాకెర్కే బిడ్డా” అంది. చెంబు బోర్లించి మెట్టు మీద కూర్చుంది. “మిషినొచ్చిన పొద్దు పోయిన. అడ్డం నిలవడ్డ. డ్రైవరు పాపం ఆపిండు. ఈడేం లేదని ఎవలు రాసిండ్రో చూపెట్టుమన్న. నాకు సదువు రాదాయె, మేస్త్రి కాయితం సదివిండు. నీ పేరొచ్చింది.”

“మరి?”

“నీ నౌకరికి ఏమన్నయితదని పక్కకు జరిగిన.”

మా అమ్మకు ఇద్దరు ఆడపిల్లలు. ఆ పొద్దు ఎండలో, మిషిను ముందర నిలబడి, ఇద్దరిలో ఒకరిని ఎంచుకోవాల్సి వచ్చింది. ఆ గతి పట్టించింది నేను.

లేచి లోపలికి వెళ్లి అన్నం పెట్టింది. తిన్నాను.