కాపరి ఆరో వేలు

మొన్న గుంటూరులో ఫ్రేములు కట్టే అతను మా నాయనమ్మ దాచుకున్న బొమ్మ చూసి, "ఈ వేలేదో తేడాగా ఉందండీ. కంప్యూటర్లో సరిచేసి కొత్తది తీసిస్తాను" అన్నాడు. అతని మంచితనానికి నాకు ఒళ్లు మండింది. అద్దం మారిస్తే చాలన్నాను.

అరచేతిలో పట్టేంత కార్డు అది. మంచి కాపరిగా ప్రభువు, ఆయన మెడమీద ఒక గొర్రెపిల్ల, కాళ్ల దగ్గర ఇంకో రెండు. ఒకప్పుడు బైబిలు వాక్యం అప్పజెప్పిన పిల్లలకి సండేస్కూల్లో ఇచ్చేవాళ్లు. విదేశాల్లో అచ్చయి ఓడల్లో వచ్చేవి కాబట్టి గొర్రెలు కూడా అక్కడివే, ఒంటినిండా ఉన్ని. మావైపు గొర్రెలకి అంత ఉన్ని ఎక్కడిది? అవి కుక్కపిల్లలని నాయనమ్మ చాలాకాలం నమ్మింది. ఆవిడకి అంతకంటే గట్టి నమ్మకం ఇంకొకటుంది. ఆవిడ కుడిచేతికి ఆరు వేళ్లు. మిరపకోతల్లో తోటిపిల్లలు వెక్కిరిస్తే ఆ చెయ్యి వెనక్కి దాచుకునేదట. తనకి కార్డు ఇచ్చిన రోజున, కర్ర పట్టుకున్న కాపరి వేళ్లు లెక్కపెట్టింది. ఆరు! ఇక దాచడం లేదు సరికదా, పెళ్లిచూపుల్లో ముందు ఆ చెయ్యే చాపిందట.

ముసలితనంలో శుక్లాల ఆపరేషనైంది. ఇంటికొస్తూనే "నా కాపరేడిరా?" అంది. ఆ వేలు అచ్చుతప్పని నేను అంతకుముందే నోరుజారి మేనత్తతో అన్నాను; చూపొచ్చాక నిజం కనబడిపోతుందని అత్త ముందుజాగ్రత్తగా కార్డుని ఎండుమిరపకాయల బస్తాలో దాచింది. నాయనమ్మ అన్నం ముట్టనంటే చివరికి తీసిచ్చింది. తుమ్ములన్నీ అయ్యాక నాయనమ్మ దాన్ని చాలాసేపు చూసింది. ముఖం వాడిపోయింది.

"ప్రెస్సులో పనిచేసినోడివి, నువ్వు చెప్పరా. ఇది వేలేనా?"

అబద్ధమాడదామనుకున్నాను, నోరు రాలేదు. "కాదు నాయనమ్మా. రంగులు ఒకదాని తర్వాత ఒకటి అద్దుతారు. ఎరుపు అద్దేటప్పుడు కాగితం కాస్త జరిగింది. చూడు, పెదవుల ఎరుపు కూడా చెంపమీద పడింది."

అత్త నన్ను కళ్లతోనే కాల్చేసింది.

"అన్ని కార్డులకీ ఇట్టాగే జరిగిందా?"

"లేదు. ఎక్కడో ఒకటీ అరా."

"ఆ ఒక్కటీ సముద్రం దాటొచ్చి, అంతమంది పిల్లల్లో నా చేతిలోనే పడిందా?" నాయనమ్మ ముఖం విప్పారింది. "మరి ఏడుపు మొహం పెట్టావేందిరా?"

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. అత్త అన్నం వడ్డించడానికి లేచింది.

నాయనమ్మ పోయి చాలా ఏళ్లయింది. వెలుతురు తగిలితే రంగుల్లో ఎరుపే ముందు వెలిసిపోతుంది. ఐదు వేళ్లకీ నల్లగీత కాపలా ఉంది. ఆరోదానికి ఆ ఎరుపు తప్ప ఆధారం లేదు. ఏటికేడూ అది పలచబడుతోంది, నేను చూస్తూండగానే కాలం ఆ కాపరిని అందరిలాంటి మనిషిని చేసేస్తోంది.