చిన్న స్పీకరు కోసం ఆదిలాబాద్ దాకా

పొద్దున ఆరు దాటాక కరీంనగర్ బస్టాండులో మంచిర్యాల బస్సు ఎక్కాం, నేనూ మా ఆవిడ రాజమణీ. ఆమె ఆధార్ కార్డు చూపించి, ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే సున్నా టికెట్ తీసుకుంది. డబ్బు పెట్టింది నేనొక్కడినే. నా ఒళ్లో సంచి. అందులో చిన్న యాంప్లిఫయరు, కొంత వైరు, ఒక టార్చి సెల్లు, స్క్రూడ్రైవరు. పాత స్పీకర్లు కొనబోయేవాడికి ఇంతకు మించిన సరంజామా అక్కర్లేదు. మీటర్లు పట్టుకు తిరిగే మేధావులను చాలామందిని చూశాను. మీటరు ముల్లుకు పాట ఏం తెలుసు?

ఎందుకు బయలుదేరామో చెప్పాలి. మా ఇంట్లో ఒక జత చెక్కపెట్టె స్పీకర్లున్నాయి. సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద పనికి కుదిరిన కొత్తలో కొన్నాను, అప్పటికే అవి పాతవి. ఒక్కో పెట్టెలో కింద పెద్ద స్పీకరు, పైన అరచేతిలో ఇమిడే చిన్నది. పెద్దది మద్దెల మోగిస్తుంది, చిన్నది గజ్జెలూ తాళాలూ పలికిస్తుంది. పెద్దవాటిలో ఊగే కాగితపు అట్ట అంచులు చివికిపోతే నేనే బాగుచేసుకున్నాను. నా సాంచా మీద నేసిన నూలు గుడ్డనే గుండ్రంగా కత్తిరించి, చెప్పులు కుట్టేవాళ్ల జిగురుతో అంటించాను. విదేశాల నుంచి అంచులు తెప్పించుకొమ్మని పాత స్పీకర్ల పిచ్చివాళ్ల ఫోన్ గ్రూపులో పండితులు సెలవిచ్చారు. వాళ్ల అంచులు వాళ్ల దగ్గరే ఉండనీ.

చిక్కల్లా చిన్నవాటితోనే. రెండూ మూగబోయాయి. మా బాపు, అంటే మా నాన్న, చిరుతల ఆట ఆడేవాడు. రెండు చేతుల్లో చెక్క చిరుతలు, వాటికి గలగలలాడే ఇత్తడి బిళ్లలు. ఆయన ఆడిన ఒక ఆట క్యాసెట్టులో మిగిలింది. ఆయన గుర్తుగా నాకున్నది అదే. ఇప్పుడు పెడితే పాట వస్తుంది, మద్దెల వస్తుంది, చిరుతల గలగల మాత్రం రాదు. చిరుతలు లేకుండా ఆయన మా బాపులాగే ఉండడు. ఆ చప్పుడు మళ్లీ వినాలి, అంతే నా కోరిక. రిపేరు దుకాణం సదానందం దగ్గరికి పెట్టెలు మోసుకుపోతే కాసేపు విని, "మంచిగనే మోగుతున్నయి గదనే, ఏం కాలే" అని తిరిగి నా చేతిలో పెట్టాడు. సెల్‌ఫోన్లకు గాజు పలకలు అతికించి బతికేవాణ్ణి అడగడం నాదే బుద్ధి తక్కువ అనుకున్నాను.

బస్సు కదిలింది, విజిల్ మాత్రం లేదు. "గీ కాలం కండక్టర్లకు విజిల్ ఊదే ఓపిక సుత లేకపాయె" అన్నాను రాజమణితో. ఆమె నా మొహంలోకి ఓసారి చూసి కిటికీ వైపు తిరిగింది.

మంచిర్యాలలో ఇడ్లీ తిన్నాం. చట్నీలో నీళ్లు, నీళ్లలో కాస్త చట్నీ. అక్కడి నుంచి ఆటోలో శ్రీరాంపూర్. బొగ్గుబావిలో పనిచేసి రిటైరైన ఓదెలు అనే ఆయన తన పెట్టెల ఫోటో గ్రూపులో పెట్టి, కింద 'అసలు జర్మనీ సరుకు' అని రాశాడు. మా జిల్లాల్లో పాతదేదైనా జర్మనీదే. కుట్టుమిషను, గోడ గడియారం, చివరికి రోకలిబండ కూడా. రాజమణి ఆ ఇంటావిడతో వంటింట్లోకి వెళ్లింది. నేను పెట్టె వెనక చెక్క ఊడదీశాను.

పాత స్పీకరును గుర్తుపట్టడం బ్రహ్మవిద్యేం కాదు. బాగా పాతదైతే అయస్కాంతం వెనక చిన్న చెంబులా పొడుచుకొచ్చి ఉంటుంది. తర్వాతి కాలం వాటికి జొన్నరొట్టెలా బల్లపరుపు బిళ్ల ఉంటుంది. తయారైన చోటు ఆ అయస్కాంతం మీదే అచ్చయి ఉంటుంది. కాకపోతే దసరాకు ఇనుము కనిపిస్తే చాలు పసుపు పూసి బొట్టు పెట్టే జనం మేం. గోటితో గీకితే పసుపు కింద పసుపు, దాని కింద ఇంకో దసరా పసుపు. అన్ని దసరాలూ రాలిపోయాక 'హైదరాబాద్' అన్న అక్షరాలు బయటపడ్డాయి. అదీ ఆయనగారి జర్మనీ.

అయినా పెద్ద స్పీకరు బాగుంది. అట్టను రెండు బొటనవేళ్లతో మెల్లగా నొక్కితే లోపల గరగర తగల్లేదు, అంటే తీగచుట్ట కాలలేదు. ఇక చిన్నదానికి టార్చి సెల్లు ఆనించాను. ప్రాణముంటే టిక్కుమనాలి. అనలేదు.

"సచ్చిందే ఇది" అన్నాను.

"టిక్కుమన్నది గదన్నా! మల్లొకసారి పెట్టి సూడు" అన్నాడు ఓదెలు, నా మొహం మీదే.

అబద్ధమైనా కాస్త అతికేలా చెప్పాలి. ఆయన పెట్టిన చాయ్ ముట్టకుండా లేచి, వంటింట్లో కబుర్లు చెప్పుకుంటున్న రాజమణిని బయటికి పిలిచాను.

మధ్యాహ్నానికి ఆసిఫాబాద్ చేరి, అన్నం తిని ఆదిలాబాద్ బస్సు ఎక్కాం. కెరమెరి ఘాట్ మీద ఇంజను వేడెక్కి బస్సు ఆగింది. అందరం దిగి చెట్ల కింద నిలబడ్డాం. జైనూరు వెళ్లే రైతొకాయన తలపాగా విప్పి చెమట తుడుచుకుంటూ, "ఏం పిట్టలు సారూ, లొల్లి లొల్లి చేస్తున్నయి" అన్నాడు. నాకు ఆకుల కదలిక తప్ప ఏమీ కనిపించలేదు. అడవి కూడా పేరుకే మిగిలింది, దాన్ని పొగడడానికి మాత్రం ఇంకా మనుషులున్నారని నవ్వుకున్నాను.

ఆదిలాబాద్‌లో బస్టాండు దగ్గరి లాడ్జిలో దిగాం. దుప్పటి సంగతి రాయను, వెళ్లాలనుకునేవాళ్లు సొంత దుప్పటి తీసుకెళ్లండి. పొద్దున్నే షాహిదా అనే ఆవిడ ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాం. వాళ్ల మామగారు ఒకప్పుడు పెళ్లిళ్లకు మైకుసెట్లు అద్దెకిచ్చేవారట. ఆ సామానంతా వెనక గదిలో పోగుపడి ఉంది. ప్రతి సీజన్‌కూ వెండిరంగు పూసీ పూసీ స్పీకర్ల అట్టలకూ పూసేశారు. రంగు పూసిన అట్ట ఊగదు, ఊగకపోతే పాడదు. ఆ మాత్రం తెలియనివాళ్లు ఊరూరా మైకులు పెట్టారు.

"రాండి అన్నా, కూసోండి. ఎలుకలతోని పరేషాన్ అయితుంది, మీకు పనికొస్తే తీస్కపోండి" అని ఆవిడ దుప్పటిలో చుట్టి ఉన్న ఒక పెట్టె బయటికి తీసింది. దాని జోలికి రంగు పోలేదు. అచ్చం మా ఇంట్లో జతలాంటిదే. యాంప్లిఫయరు తగిలించి, రాజమణి ఫోనులోకి ఎక్కించుకున్న బాపు ఆట పెట్టాను.

పాట వచ్చింది. మద్దెల వచ్చింది. అంతే.

"గిది సుత సచ్చిందే" అన్నాను.

"సచ్చుడేంది?" అంది రాజమణి. "మామ చిరుతలు గల్లుగల్లుమంటుంటే!"

ఆమె మొహం చూశాను. వేళాకోళం కాదు. పెద్ద స్పీకరు వైరు పీకేశాను. నాకు గదంతా నిశ్శబ్దం. కానీ రాజమణి వేలు మోకాలి మీద ఆడుతోంది. గడప దగ్గర నిలబడ్డ షాహిదా వేలు తలుపు చెక్క మీద ఆడుతోంది. ఒకరినొకరు చూసుకోవడం లేదు, రెండు వేళ్లూ ఒక్కసారే పడుతున్నాయి.

"ఇంట్ల సుత ఇనవడుతనే ఉన్నది" అంది రాజమణి. "చెప్పిన. నీకేం ఎర్క స్పీకర్ల సంగతి అన్నవు. పరాయి మనిషి ముంగటనన్న నమ్ముతవని ఎంబడి ఒచ్చిన."

"జర చాయ్ పెడ్త, ఫికర్ చెయ్యకుండ్రి" అని షాహిదా లోపలికి వెళ్లింది.

సాంచాల మధ్య బతుకంతా నిలబడ్డవాడి చెవులు ఏమవుతాయో మా కార్ఖానాలో ప్రతివాడికీ తెలుసు. ముందుగా పోయేవి సన్నటి చప్పుళ్లే. ఆ మోతలో పెదవులు చూసే మాట్లాడుకుంటాం. చెవులు పోయేది మాత్రం పక్క సాంచా వాడికే అనుకుంటాం. సదానందాన్ని తిట్టుకున్నాను, ఓదెలును అబద్ధాలకోరు అనుకున్నాను, అడవిని ఎగతాళి చేశాను. స్పీకర్లన్నీ బతికే ఉన్నాయి. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. బాపు చిరుతలు ఇక నాకు వినిపించవు.

రాజమణి పెద్ద స్పీకరు వైరు తగిలించి, పాటను మళ్లీ మొదటి నుంచి పెట్టింది. నా పక్కన కూర్చుని, చిరుత పడ్డప్పుడల్లా నా ముంజేతి మీద వేలితో కొట్టింది. ఆట అయిపోయేదాకా కొట్టింది.

చాయ్ తాగి, పెట్టెను మళ్లీ దుప్పటిలో చుట్టి షాహిదాకు ఇచ్చేశాం. అది మంచి సరుకు, కావలసినవాళ్లు వెళ్లి తెచ్చుకోవచ్చు. ఒక్క సలహా. నాలాంటి సర్వజ్ఞులు కొనబోయేటప్పుడు మీటరు తీసుకెళ్లకపోయినా, పక్కన ఇంకొక మనిషిని తీసుకెళ్లండి, వాళ్ల మాట వినండి.

తిరుగు ప్రయాణం నిర్మల్ మీదుగా, కరీంనగర్‌కు నేరుగా బస్సు. రాజమణిది మళ్లీ సున్నా టికెట్టే. నిర్మల్ బస్టాండులో ఆగి జనాన్ని ఎక్కించుకున్నాక కండక్టర్ విజిల్ నోట్లో పెట్టుకుని బుగ్గలు పూరించాడు. రాజమణి నా ముంజేతి మీద ఒక్కసారి తట్టింది. బస్సు కదిలింది.