మునగని లాంచీ

మా అమ్మ మెట్ట ప్రాంతం మనిషి. జంగారెడ్డిగూడెం దగ్గర జీడిమామిడి తోటల్లో పెరిగింది. పెళ్ళై నరసాపురం పక్కనున్న మా ఊరికి వచ్చేదాకా నీళ్ళంటే బావిలో ఉండేవనే ఆమెకు తెలుసు. ఇక్కడేమో ఇంటి ముందు కాలువ, వెనక చేపల చెరువు, కాస్త దూరం నడిస్తే గోదావరి. మనుషుల్నీ బళ్ళనీ అవతలి ఒడ్డుకు చేర్చే పంటు మీద రేవు దాటాలంటే సరిగ్గా మధ్యలో నిలబడి, ఎవరిదో ఒకరి మోచెయ్యి పట్టుకుని కళ్ళు మూసుకునేది. "వచ్చేశామా?" అని అడుగుతూనే ఉండేది. పంటు ఇంకా కదలనే లేదంటే నా మీద విసుక్కునేది.

నాన్న నీళ్ళ మనిషి. తొంభైలలో మా వైపు వరిచేలన్నీ రొయ్యల చెరువులైపోతున్నప్పుడు ఆయనా చెరువు తవ్వించారు. మొదట్లో బాగానే కలిసొచ్చింది. ఆ ఊపులో ఒక పాత చెక్క లాంచీ కొన్నారు. వెనక డీజిల్ ఇంజను, ముందు నలుగురు కూర్చునే చిన్న గది. ఎవరడిగినా "చెరువులకి మేత తోలుకోడానికండి" అనేవారు. మేత బస్తాలకు కిటికీ అద్దాలెందుకని ఎవరూ అడగలేదు. ఆ గది అమ్మ కోసమని ఇంట్లో అందరికీ తెలుసు. ఆమెను అందులో కూర్చోబెట్టి, గోదావరి వశిష్ఠ పాయ మీదుగా అంతర్వేది దాకా తీసుకెళ్ళి, గోదావరి సముద్రంలో కలిసేచోటు చూపించాలని ఆయన కోరిక. పెళ్ళైన కొత్తలో మాటిచ్చారట.

అమ్మ ఎన్నాళ్ళో తప్పించుకుంది. చివరికి ఒకరోజు, "అది మునగదని పూచీ ఇవ్వండి, ఎక్కుతాను" అంది. ఇంకొకరైతే నవ్వేసి ఊరుకునేవారు. నాన్న ఆ మాట పట్టుకున్నారు.

రొయ్యల ఊళ్ళో థర్మోకోల్‌కు కొదవేముంది? ఐసులో రొయ్యలు సర్ది పంపే పెట్టెలు విరిగిపోతే గట్ల మీదే పడుండేవి. అవి చాలవని భీమవరంలో ఐసు వ్యాపారం చేసే మా బాబాయి చేత వ్యాను నిండా పంపించుకున్నారు. గది నేలపలకలు విప్పి, అడుగున వరసగా ఉండే అడ్డచెక్కల మధ్య ఖాళీ లేకుండా ముక్కలు కోసి కూరారు. మళ్ళీ పలకలు బిగించి, పైన ఆకుపచ్చ లినోలియం పరిచి, అంచుల వెంట ఇత్తడి మేకులు దిగ్గొట్టారు.

"ఇప్పుడు మునగమన్నా మునగదే!" అన్నారు అమ్మతో.

లాంచీ నడిపే సరంగు కూడా "భలే ఐడియానండి" అని మెచ్చుకున్నాడు. నేనప్పుడు భీమవరంలో డిగ్రీ చదువుతున్నాను. ఫిజిక్స్ చదివినదాన్ని కాబట్టి నన్నూ అడిగారు. అంతా సవ్యంగానే ఉందని పెద్ద ఆరిందాలా చెప్పాను.

ఎంత మంచి పడవలోకైనా ఎక్కడో ఓ చోట నీరు దిగుతుంది. వాన కిటికీ సందుల్లోంచి కారుతుంది, చెక్కల అతుకుల్లోంచి ఊరుతుంది. అందుకే ఆ అడ్డచెక్కల కింద చిన్న చిన్న తూములు తొలిచి ఉంటాయి. ఎక్కడ పడ్డ నీరైనా ఆ తూముల గుండా పాకి ఇంజను దగ్గర గుంటలోకి చేరితే, అక్కడున్న పంపు తోడి బయట పోస్తుంది. ఇంజను అదురుకు మా థర్మోకోల్ ముక్కలు ఒకదానికొకటి రాసుకుని పూసలు పూసలుగా రాలాయి. ఆ పూసలు వెళ్ళి తూముల్లో కూరుకున్నాయి. గది కింద దిగిన నీరు గది కిందే ఉండిపోయింది.

వానాకాలమంతా నాన్న పొద్దున్నే రేవుకెళ్ళి ఇంజను గుంటలోకి తొంగిచూసేవారు. అది పొడిగా ఉండేది. పంపు ఆడాల్సిన అవసరమే రాలేదు. "చుక్క దిగలేదు!" అని కాఫీ తాగుతూ మురిసిపోయేవారు. జీవితమంతా తూములు తీయించుకుంటూ, మూయించుకుంటూ వ్యవసాయం చేసిన మనిషి. పల్లపు చేలోకి నీరు రాకపోతే ఎగువ తూము పూడిందని గట్టు మీంచే చెప్పేవారు. తన లాంచీ దగ్గర మాత్రం ఆ సంగతి తట్టలేదు.

ఈలోగా అమ్మ ఆ గదికి మెల్లగా అలవాటుపడింది. లాంచీ రేవుకు కట్టి ఉండగా ఎక్కి తుడిచేది. పాత చీర చింపి కిటికీలకు కర్టెన్లు కుట్టింది. ఒకరోజు ముక్కు ఎగబీల్చి, "ఏవండీ, తడిసిన గోనెసంచి వాసనొస్తోంది" అంది.

"డీజిల్ వాసనే అది" అన్నారు నాన్న.

అమ్మ వాదించలేదు. మర్నాటి నుంచి అగరొత్తులు వెలిగించడం మొదలుపెట్టింది.

కార్తీకమాసంలో బయల్దేరాం. పులిహోర, పెరుగన్నం కట్టుకున్నాం. మొదట అమ్మ కాళ్ళు రెండూ బల్ల మీదికి లాక్కుని కూర్చుంది. కాసేపటికి కిందికి దించింది. ఇంకాసేపటికి కర్టెను పక్కకు జరిపింది. "ఆ తెల్ల పిట్టలేంటే?" అని నన్నడిగింది. నాన్న అది విని, విననట్టు మొహం అటు తిప్పుకుని నవ్వుకున్నారు. ఆయనను అంత సంతోషంగా నేను అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు.

"అదిగోండి, ఆ మలుపు తిరిగితే సముద్రమే" అన్నాడు సరంగు.

అక్కడ గాలి పెరిగింది. లాంచీ ఒక పక్కకు ఒరిగింది, కానీ ఎప్పటిలా తిరిగి లేవలేదు. గది కింద నీరంతా ఆ పక్కకే దొర్లింది. లినోలియం అంచు దగ్గర మేకులు ఊడి, నల్లటి నీరు బుగబుగమని పైకొచ్చి అమ్మ పాదాలను తడిపేసింది. అమ్మ అరవలేదు. కాళ్ళు మళ్ళీ బల్ల మీదికి తీసుకుని నాన్న వైపు చూసింది.

"వెనక్కి తిప్పవయ్యా" అన్నారు నాన్న.

లాంచీ నెమ్మదిగా మా ఊరి వైపు నడుస్తుంటే, నాన్న గునపంతో ఒక పలక లేపారు. నేను బకెట్‌తో తోడాను. బకెట్ నిండా మురుగునీటిలో నానిన సగ్గుబియ్యంలాంటి పూసలు. పంపు వేస్తే అవి మింగి ఆగిపోయింది.

ఇంటి రేవుకు చేరాం. నాన్న అమ్మకు చెయ్యందిస్తూ, "మునగలేదు కదా" అన్నారు. ఆ గొంతులో గొప్పేమీ లేదు. బతిమాలుతున్నట్టుంది. అమ్మ తడిసిన చీర కుచ్చిళ్ళు పిండుకుని ఇంట్లోకి వెళ్ళిపోయింది.

తర్వాత నేల మొత్తం పీకేశాం. ముక్కలన్నీ బయటికి లాగి, తూములు ఇనుప తీగతో పొడిచి, మిగిలిన తడి పాత లుంగీలతో అద్దాం. నీరు ఆఖరికి ఇంజను గుంటకు చేరింది, బాగుచేసిన పంపు హాయిగా ఆడింది. కానీ అడుగు చెక్క నానీ నానీ కుళ్ళిపోయింది. స్క్రూడ్రైవరు పెడితే మైనంలోకి దిగినట్టు దిగింది. వడ్రంగి చూసి పెదవి విరిచాడు. ఇంజను విప్పి చెరువు గట్టు మీద పెట్టుకున్నాం, మిగతాది వంటచెరకైంది. కర్టెన్లు అమ్మ ఉతికి బీరువాలో దాచింది.

నాన్న మళ్ళీ సముద్రం మాట ఎత్తలేదు. రోడ్డు మీద కారులో వెళ్దామనైనా అనలేదు. అమ్మా అడగలేదు. ఒకే ఇంట్లో ఉంటూ ఇద్దరూ ఆ ఒక్క సంగతి చుట్టూ తప్పుకుని తిరిగారు.

నాన్న పోయిన మరుసటి ఏడు నేనూ అమ్మా పంటు మీద రేవు దాటుతున్నాం. అలవాటు చొప్పున నా మోచెయ్యి అందించాను. అమ్మ పట్టుకుంది గానీ కళ్ళు మూసుకోలేదు. సముద్రం వైపు చూస్తోంది.

"ఆ రోజు నేనే ముందుకు పోనివ్వమని అనాల్సింది. పాదాలే కదా తడిశాయి."

"భయం వెయ్యలేదా అమ్మా?"

"ఎందుకు వెయ్యలేదు? థర్మోకోల్ ఉందని ఎక్కాననుకున్నావా? అదేం చేస్తుందో నాకేం తెలుసు. మీ నాన్నగారు అన్నేళ్ళు అడిగారని ఎక్కాను. రేవులో చెయ్యందించినప్పుడు ఆ ముక్క ఆయనతో చెబుదామనుకున్నాను. నోరు రాలేదు."

నాన్న తన పూచీ చెల్లలేదనే అనుకుంటూ వెళ్ళిపోయారు.